గిద్దలూరు నలభై మూడు పేర్లు

హైదరాబాదు,
2025 మార్చి 3

నాయనమ్మకు,

ఎడమవైపు రెండంగుళాల మార్జిన్ వదిలి, నీలం సిరాతో, పైన తేదీ వేసి వర్షిణి రాస్తున్నది. ఫోనులో అడిగితే "నోటిమాటకు రుజువుండదు, కాగితం మీద పెట్టు" అని ఠక్కున పెట్టేశావు కదా. అందుకని పోస్టాఫీసు వెతుక్కుని మరీ రాస్తున్నాను. మా హాస్టల్ వెనకాలే ఉంది. రెండేళ్ళుగా దాని ముందునుంచే టిఫినుకు పోతున్నానట.

సంగతి ఇది. మే 5న మా కమిటీ ముందు నా పరిశోధన ప్రణాళిక పెట్టాలి. ఒప్పుకుంటే ఫెలోషిప్పు సాగుతుంది. ఒప్పుకోకపోతే పెట్టె సర్దుకుని మార్కాపురం వచ్చి నాన్నతో పలకల గోదాంలో కూర్చోవాలి. ఇప్పటికే ఒకసారి తిప్పి పంపారు. ఇంకో అవకాశం లేదు.

నా విషయం వెబ్‌సైట్ల పేర్లు. స్థలం కొంటే రిజిస్టరు చేయించినట్టే, ఇంటర్నెట్లో ఒక పేరు కావాలన్నా నమోదు చేయించుకోవాలి. దానికి ఏడాదో రెండేళ్ళో గడువు. గడువు దాటితే సైటు ఆగిపోతుంది, ఇంకొన్నాళ్ళకు పేరే పోతుంది. ఆ రిజిస్టరు చాలావరకు అందరూ చూడొచ్చు. పేరు ఏ రోజు ఏ గంటకు పుట్టింది, గడువెప్పుడు, నడుస్తోందా, ఆపేశారా అన్నీ ఉంటాయి. చేయించుకున్నవాళ్ళ ఫోనూ చిరునామా మాత్రం ఈమధ్య దాచేస్తున్నారు. చిన్న పట్టణాల నుంచి నమోదైన పేర్లలో నిజమైన వ్యాపారాలవి ఎన్ని, మోసానికి పెట్టినవి ఎన్ని అని ఆ రిజిస్టరు చూసి తేల్చడం నా పని.

నా అదృష్టం చూడు. నమూనాకని తీసిన మొదటి జాబితాలోనే మనవైపు ఒక దొంగల గూడు దొరికింది. గిద్దలూరు! నలభై మూడు పేర్లు. అన్నిటికీ ఒకే చిరునామా, ఒకే ఫోను. దాచుకోను కూడా లేదు, అంత ధైర్యం. అన్నీ 2023 ఏప్రిల్ 22న ఒక్క గంటలో పుట్టాయి, రాత్రి రెండున్నరకూ మూడున్నరకూ మధ్య. ఆ వేళకు గిద్దలూరులో మేలుకుని ఉండేది కుక్కలూ దొంగలే. ఏడాది తిరిగాక, 2024 మే 1 నాటి జాబితాలో చూస్తే ముప్పై ఎనిమిది చచ్చి ఉన్నాయి. ఒకే చెయ్యి, గుంపుగా పుట్టుక, గుంపుగా చావు. మోసం పేర్లకు చెప్పే లక్షణాలన్నీ సరిపోయాయి.

వాటిని ఫోను నంబరుతో సహా పట్టిక వేసి కమిటీకి చూపిస్తాను. ఆపైన పేర్లు అమ్మే కంపెనీకి పంపిస్తే వాళ్ళే మొత్తం మూయించేస్తారు. మా గైడు గోవర్ధన్ గారికి కూడా నచ్చింది.

నువ్వు లెక్కల టీచరువి, హెడ్‌మిస్ట్రెస్‌వి, జనాభా లెక్కలు కూడా రాసినదానివి. ప్రణాళిక జతచేశాను. తప్పులుంటే దిద్దు.

మరిచాను. ఆ నలభై మూడింటిలో 'బంతిమార్కులు' కూడా ఉంది. అదే, మన తాలూకాల్లో ఎక్కడ పెళ్ళి జరిగినా ఎవరో వెళ్ళి, బంతిలో కూర్చుని తిని, వచ్చి వందకు మార్కులు వేసే సైటు. మాఘంలో మన ఇంట్లోనే చేసిన ఫణి అన్నయ్య పెళ్ళికి యాభై ఎనిమిది వేసింది చూడు, అది. "పప్పు: ఇరవైకి పదకొండు. రెండో బంతికి నీళ్ళు కలిపారు." అప్పటినుంచి అమ్మ కందిపప్పు డబ్బా మూత తీయలేదని నాన్న చెప్పాడు. అది కూడా ఆ చచ్చిన ముప్పై ఎనిమిదిలోనే ఉంది. అదెవరి పనో నా పట్టికతో బయటపడుతుంది. నీకెవరిమీదైనా అనుమానమా?

వర్షిణి


మార్కాపురం,
2025 మార్చి 10

చిరంజీవి వర్షిణికి,

నీ మార్చి 3 ఉత్తరం 7వ తేదీ ఉదయం పదకొండుంబావుకు అందింది. ప్రణాళిక ఆరు పేజీలు. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. మార్జిన్ రెండంగుళాలు లేదు, ఒకటిన్నర ఉంది.

ముందు గంట సంగతి. రెండున్నర అన్నావు, ఎక్కడి రెండున్నర? ఆ రిజిస్టరులో వేళలు గ్రీనిచ్ కాలం ప్రకారం రాస్తారని నీ నాలుగో పేజీలో నువ్వే రాశావు. రాసి, ఐదున్నర గంటలు కలపడం మరిచావు. కలుపు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య అవుతుంది. ఉదయం ఎనిమిదికి గిద్దలూరులో స్నానం చేసి బొట్టు పెట్టుకుని దుకాణం తీసిన మనుషులుంటారు. ఇది నేను ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పిన లెక్క. నీకూ చెప్పాను, వేసవి సెలవుల్లో, వరండాలో. నువ్వు అప్పుడు మామిడికాయ తింటున్నావు.

తర్వాత చావు సంగతి. ఒక్క రోజు చూసి చచ్చాయన్నావు. 1991లో జనాభా లెక్కలకు నన్ను త్రిపురాంతకం దారిలో ఒక పల్లెకు వేశారు. ఒక వీధి వీధంతా తాళాలు. పదిహేడిళ్ళు. నేను పదిహేడింటికీ 'ఖాళీ' అని రాసుకుని, పని తొందరగా తెమిలిందని సంతోషపడి బస్సెక్కాను. మా సూపర్‌వైజరు యల్లయ్య గారు కాగితం చూసి ఒక్కటే అడిగారు. "ఏమ్మా, నువ్వు పోయినరోజు ఏ రోజు?" శివరాత్రి. ఊరంతా త్రిపురాంతకం తిరునాళ్ళకు పోయింది. మర్నాడు మళ్ళీ పంపించారు. పదిహేడిళ్ళలో తొంభై నలుగురున్నారు. నేను రాసి వచ్చినట్టే ఉంచితే ఆ తొంభై నలుగురూ దేశంలో లేనట్టే. తాళం వేసిన ఇల్లు వేరు, ఖాళీ ఇల్లు వేరు. నువ్వు తాళాలు లెక్కపెట్టి వచ్చావు.

ఇంకొకటి. పోయినేడు మే 1న చచ్చి ఉన్న ఆ భోజనాల సైటు ఈ ఏడు మాఘంలో మార్కులు ఎట్లా వేసింది? ఆ ప్రశ్న రాసేటప్పుడే నీకు తట్టాలి. ఈరోజు ఆ నలభై మూడింటిలో ఎన్ని నడుస్తున్నాయో చూసి రాయి.

ఎవరిమీదైనా అనుమానముందా అని అడిగావు. అది నీ ప్రణాళికలో లేదు కాబట్టి ఈ ఉత్తరంలోనూ లేదు. కందిపప్పు డబ్బా సంగతి నిజమే. పెసరపప్పుతో నెట్టుకొస్తున్నాం.

రంగనాయకమ్మ


హైదరాబాదు,
2025 మార్చి 17

నాయనమ్మా,

ఎర్రసిరా చూసి మా గదిలో రోజీ "ఏంది, రక్తపరీక్ష రిపోర్టా?" అంది. ఐదున్నర గంటలు కలిపాను. మామిడికాయ కూడా గుర్తొచ్చింది. సిగ్గుగా ఉంది.

ఇంకా సిగ్గుపడే విషయం: ఈరోజు చూశాను. నలభై మూడుకు నలభై మూడూ నడుస్తున్నాయి. చచ్చినవన్నీ లేచి కూర్చున్నాయి!

గోవర్ధన్ గారితో చెప్పాను. ఆయన అన్నారు, "అయితే ఇంకా అనుమానం. పేర్లు ఆపి మళ్ళీ లేపేవాళ్ళు మామూలు మోసగాళ్ళు కాదు, ముదుర్లు. పట్టిక అలాగే ఉంచు." పట్టిక అలాగే ఉంది. ఏప్రిల్లో చివరి ప్రతి ఇవ్వాలి. కమిటీకి పోయేసరికి ఈ గిద్దలూరు ముక్క లేకపోతే నా దగ్గర చూపించడానికి ఇంకేమీ లేదు. నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు. ఆ చిరునామా గిద్దలూరు స్టేషను రోడ్డులో 'ధనుంజయ నెట్ సెంటర్' అని ఉంది. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?

వర్షిణి

ఈసారి మార్జిన్ స్కేలు పెట్టి కొలిచాను.


మార్కాపురం,
2025 మార్చి 26

చిరంజీవి వర్షిణికి,

మార్జిన్ సరిగ్గా ఉంది.

ధనుంజయ తెలుసు. 1999లో నా దగ్గర పదో తరగతి చదివాడు. లెక్కల్లో వందకు ముప్పై ఏడు. నిన్న రైలెక్కి గిద్దలూరు పోయి వచ్చాను. కంభం దగ్గర ఇరవై రెండు నిమిషాలు ఆగింది.

నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నలభై ఏళ్ళు దాటినవాడు. "మేడమ్, మీరా! చెప్పి రాగూడదా, స్టేషన్‌కు ఆటో పంపిచ్చేవాణ్ణి." చెప్పి వస్తే అది తనిఖీ ఎట్లా అవుతుంది? నీ జాబితా ముందు పెట్టి అడిగాను.

"ఏందిరా ఇది, నలభై మూడు పేర్లకూ నీ ఫోనే ఏంది?"

"ఇంకెవురిది పెట్టాల మేడమ్? దర్శిలో బట్టల దుకాణమాయన ఫోనెత్తడు. చంద్రశేఖరపురం నెయ్యి వ్యాపారం ఆమెకు సిగ్నలు లేదు. అందురివీ నా నెత్తినేసుకున్నా."

"దాచమంటే దాచేవాళ్ళు గదా. ఊరందరికీ కనపడేటట్టు ఎందుకు పెట్టినావు?"

"ఆ మిషను అడిగింది మేడమ్, దాచమంటావా చూపమంటావా అని. దుకాణం పెట్టినోడు బోర్డు దాచుకుంటాడా? చూపమన్నా. ఊరికే వచ్చే అడ్వర్టైజ్‌మెంటు!"

"అది చూసి ఎవరైనా వచ్చినారా?"

"రెండేళ్ళకు మీరొచ్చినారు మేడమ్."

అన్నీ ఒకే రోజు, ఒకే గంటలో ఎందుకు చేశావని అడిగాను. నావైపు ఎట్లా చూశాడంటే, ముప్పై ఏడు మార్కుల రోజున నేను వాడివైపు చూసినట్టే చూశాడు. "ఆ రోజు అక్షయ తదియ గదా మేడమ్! ఆ రోజు మొదులుపెట్టిందానికి తరుగులేదంటారు. బంగారం కొనేటోళ్ళు బంగారం కొన్నారు, కొనలేనోళ్ళు పేరు కొనుక్కున్నారు. నా చెయ్యి మంచిదని దర్శి నుంచి, త్రిపురాంతకం నుంచి, మీ మార్కాపురం నుంచి గూడా బస్సుల్లో చీటీలు పంపినారు. నేను తలకు పోసుకొని, కీబోర్డుకు పసుపు పెట్టి, ఎనిమిదింటికి కూర్చున్నా. తొమ్మిదిలోపల అన్నీ కొట్టేసినా."

"సరే. మరి పోయినేడు గడువు దాటినా ఎందుకు కట్టలేదు?"

"కట్టినా మేడమ్, తదియ నాడు! గడువేమో ఇంగ్లీషు తేదీ ప్రకారం ఏప్రిల్ ఇరవై రెండు. తదియ మే పదిన వచ్చింది. మజ్జెలో రోజూ మెసేజీలే, నీ పేరు పోతాది పోతాది అని. ఈ దుకాణాలోళ్ళకు చెప్తే ఏమంటారు? 'పిల్లోని పుట్టినరోజు తిథి ప్రకారం చేస్తాం గానీ క్యాలెండరు ప్రకారం చేస్తామా, తదియ దాకా ఆగు' అంటారు. ఆ పద్దెనిమిది దినాలు సైటు ఉండదు. దుకాణం మూసి తిరప్తికి పోయినారనుకుంటారు జనం. గడువు దాటినాక నెల పైన దాకా ఆ పేరు ఇంకోరికి ఇయ్యరని నాకు తెలుసు, అందుకే నిదానంగా ఉంటా."

అర్థమైందా? 2023 అధిక శ్రావణం వచ్చిన ఏడు. అందువల్ల మరుసటి ఏడు తదియ పద్దెనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది. నీ జాబితా మే 1 నాటిది. సరిగ్గా ఊరంతా తిరునాళ్ళకు పోయిన రోజున పోయి తలుపులు తట్టావు.

మరి ఐదు పేర్లు ఎందుకు చావలేదని అడిగాను. "అవా? ఆశీర్వాదన్న ఫోటో స్టూడియో, మగ్దలీనమ్మక్క కుట్టు సెంటరు, ఇంక మూడూ చర్చోళ్ళవే. గుంపులో చేస్తే తగ్గిస్తానన్నా, అందుకని ఆ రోజు వచ్చినారు. వాళ్ళకు తదియతో పనేముంది? మెసేజీ రాంగనే కట్టమంటారు. శానా మంచోళ్ళు మేడమ్."

మధ్యాహ్నం అతని భార్య నాగలక్ష్మి భోజనం పెట్టింది. గోంగూర పచ్చడి బాగుంది. చారులో మిరియం నలగలేదు. మొదట ఉప్పు వడ్డించలేదు. పెళ్ళి కాదు కాబట్టి వదిలేశాను.

ఇప్పుడు నువ్వు ఆలోచించు. నీ పట్టిక ఆ కంపెనీకి పోతే నలభై మూడు దుకాణాల బోర్డులు ఒక్క పూటలో దించేస్తారు. వాళ్ళు దొంగలు కారని ఆ కంపెనీకి ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు? ధనుంజయ చెయ్యి మంచిదన్న నమ్మకం కూడా పోతుంది. అతను బతికేది దానిమీద.

రంగనాయకమ్మ


హైదరాబాదు,
2025 ఏప్రిల్ 2

నాయనమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఒకసారి రోజీకి పైకి చదివి వినిపించాను. కీబోర్డుకు పసుపు దగ్గర ఇద్దరం నవ్వి నవ్వి కూలబడ్డాం. తర్వాత నేను నవ్వలేదు. ఆ మనిషిని దొంగని రాశాను కదా.

గోవర్ధన్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "కథ చాలా బాగుందమ్మా. రుజువేది? అనుమానితుడు తన గురించి తాను చెప్పిన మాట ఇది. కమిటీ ఒప్పుకోదు. రుజువు లేకపోతే పట్టికే ఉంచు" అన్నారు. కోపం రాలేదు, ఆయన అన్నది నిజమే. నువ్వైనా అదే అనేదానివి.

ఇంకొక సంగతి నీ దగ్గర దాచాను. నమూనాకు గిద్దలూరు దానంతటది రాలేదు. నేనే పోయి తెచ్చుకున్నాను. ఫణి అన్నయ్య పెళ్ళయిన వారానికి, అమ్మ ఫోనులో ఏడుస్తుంటే, ఆ బంతిమార్కులు ఎవరిదో చూద్దామని రిజిస్టరు తెరిచాను. ధనుంజయ నంబరు కనపడింది. ఆ నంబరు మీద ఇంకేమున్నాయని లాగితే మిగతా నలభై రెండూ వచ్చాయి. అప్పుడు దానికి పరిశోధన అని పేరు పెట్టాను. ఇప్పుడు చెప్పాను, తిట్టు.

అయినా ఆ ఒక్కటీ ఎవరిదో తెలుసుకోవాలని ఇప్పటికీ చెయ్యి దురద పెడుతోంది. ధనుంజయ అన్నకు తప్పకుండా తెలిసి ఉంటుంది. నువ్వు అంతదూరం పోయావు కదా, అడిగావా?

వర్షిణి


మార్కాపురం,
2025 ఏప్రిల్ 9

చిరంజీవి వర్షిణికి,

అడగలేదు.

తిట్టమన్నావు. తిట్టను, నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి. కానీ ఆ సంగతి ప్రణాళిక మొదటి పేజీలో రాయి. గిద్దలూరు ఎట్లా ఎంచుకున్నావో, ఎందుకు ఎంచుకున్నావో, కోపంతో సహా. చదివేవాళ్ళు నీ కోపాన్ని తీసేసి చూసుకుంటారు.

ఇక రుజువు. జరిగినదాన్ని గురించి ఎవరైనా ఎన్ని కథలైనా చెప్పొచ్చు, మీ గోవర్ధన్ గారు సరిగ్గానే అడిగారు. జరగబోయేదాన్ని ముందే రాసిపెట్టి, జరిగాక విప్పి చూస్తే అది రుజువు. ఈ ఏడు కూడా గడువు ఏప్రిల్ 22. పంచాంగం ప్రకారం అక్షయ తదియ ఏప్రిల్ 30. మధ్యలో ఎనిమిది రోజులు. ఏం జరుగుతుందో అంకెలతో ఒక కాగితం మీద రాసి, ఈ ఉత్తరంతోపాటు కవరులో పెట్టి, లక్కతో ముద్రవేసి పంపుతున్నాను. నువ్వు విప్పకూడదు. దాన్ని గోవర్ధన్ గారి బీరువాలో పెట్టించు. మే 5న కమిటీ ముందే విప్పాలి. ముద్ర నా హెడ్‌మిస్ట్రెస్ ఉంగరంతో వేశాను. పగిలి ఉంటే నాకు తెలుస్తుంది.

ఏప్రిల్ 21న ఒకసారి, 24న, 29న, మే 1న ఒకసారి చూడు. ఒక్కరోజు చూసి చచ్చాయనకు. చూసేది కూడా నువ్వు కాదు. ఈ సంగతేమీ తెలియని మనిషిని ఎవరినైనా కూర్చోబెట్టి, నడుస్తోందా లేదా అని మాత్రం టిక్కు పెట్టమను. నువ్వు ధనుంజయకు ఫోను చెయ్యకూడదు, నేనూ చెయ్యను. అతనికి ఈ పరీక్ష సంగతి తెలియదు.

పట్టికలో పేర్లూ ఫోనూ తీసెయ్. ఒకటి నుంచి నలభై మూడు దాకా వరుస నంబర్లు వెయ్యి, కమిటీ అయ్యేదాకా నువ్వు కూడా నంబర్లే చూడు. ఆ రిజిస్టరు అందరికీ తెరిచి పెట్టారంటే చూసుకోమని. పేజీ చింపి బజారులో అంటించమని కాదు. వాళ్ళెవరూ నీ పరిశోధనకు ఒప్పుకున్నవాళ్ళు కారు. ఆ భోజనాల సైటుకూ ఇదే నియమం. ఈ నియమం నేను న్యాయం కోసమే చెబుతున్నానని అనుకోకు. న్యాయం డెబ్భై పాళ్ళు, మిగతా ముప్పై నా సొంతం. ఆ ముప్పై ఏమిటో ఇప్పుడు రాయను.

రంగనాయకమ్మ


హైదరాబాదు,
2025 ఏప్రిల్ 25

నాయనమ్మా! పడ్డాయి! 21న నలభై మూడూ నడుస్తున్నాయి! నిన్న ముప్పై ఎనిమిది ఆగిపోయాయి! ఐదు నిలబడ్డాయి! సరిగ్గా పోయినేటి ఆ ఐదు నంబర్లే! మా పక్క ల్యాబు ఆనంద్ బాబు టిక్కులు పెడుతూ "ఏంటక్కా, వీళ్ళందరికీ ఒకేసారి ఏమొచ్చింది?" అన్నాడు! నేను నోరు మూసుకుని కూర్చున్నాను! ఎంత కష్టమో నీకు తెలియదు! కవరు బీరువాలో ఉంది! ముద్ర పగల్లేదు!

వర్షిణి


మార్కాపురం,
2025 ఏప్రిల్ 29

చిరంజీవి వర్షిణికి,

నీ కార్డు అందింది. ఆశ్చర్యార్థకాలు పదకొండు ఉన్నాయి. ఒకటి చాలు. పడటం సగమే. లేవాలి. మే 1 దాకా ఏమీ అనుకోకు.

రంగనాయకమ్మ


హైదరాబాదు,
2025 మే 7

నాయనమ్మకు,

ప్రణాళిక ఒప్పుకున్నారు. ఫెలోషిప్పు నిలిచింది. ముందు ఇది రాయకపోతే నువ్వు మిగతాది చదవలేవని తెలుసు. ఇప్పుడు మెల్లగా చెబుతాను, కళ్ళజోడు పెట్టుకో.

మే 1న ఆనంద్ బాబు టిక్కులు పెట్టాడు. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఏడు లేచాయి. ఒకటి లేవలేదు. ఒక్కటి తప్పినా కమిటీలో ఒకావిడ వదలరు, ఆవిడే పోయినసారి నన్ను తిప్పి పంపింది. ఎవరిది లేవలేదో చూడకూడదని నువ్వే అన్నావు కదా, నంబర్లే చూడాలని. ఇరవై ఆరో నంబరు. అంతవరకే చూశాను.

మే 5న గోవర్ధన్ గారు కవరు బల్ల మీద పెట్టారు. ఆ లక్కముద్ర చూసి కమిటీవాళ్ళు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. ఆ ఆవిడే విప్పి చదివింది. నీ అక్షరాలు కాబట్టి తడుముకోలేదు. "ముప్పై ఎనిమిది ఆగుతాయి. ఐదు ఆగవు. తదియ నాడు ముప్పై ఏడు లేస్తాయి. ఒకటి లేవదు."

ఆవిడ కాగితం తిప్పి చూసింది, వెనకాల ఏమైనా ఉందేమోనని. "పంచాంగం చూసి ముప్పై ఎనిమిదీ లేస్తాయని చెప్పొచ్చు. ఒకటి లేవదని ఎలా తెలిసింది?" అంది. నేను, "మా నాయనమ్మ లెక్కల టీచరండి" అన్నాను. అందరూ అది జవాబే అనుకున్నారు. రిజిస్టరును ఒక్కరోజు చూసి మోసమని ముద్రవేస్తే ఎన్ని ఊళ్ళు తప్పుగా పట్టుబడతాయి అన్నది ఇప్పుడు నా పరిశోధన. పండుగలూ తిథులూ పెట్టుకుని ఇంకో పన్నెండు పట్టణాలు చూడాలి. పట్టికలో పేర్లు లేవు, కంపెనీకి ఏదీ పోదు. తర్వాత టీ, సమోసాలు ఇచ్చారు.

టీ తాగుతుంటే నాకు ఆవిడ ప్రశ్న మళ్ళీ వినపడింది. ఒకటి లేవదని ఎలా తెలిసింది? పంచాంగంలో ఉండదు. ధనుంజయ అన్నకు పరీక్ష సంగతే తెలియదు. ఒక పేరు తదియ నాడు లేవదని ఏప్రిల్ 9నే తెలిసేది లోకంలో ఒక్కరికే. లేపవద్దని ముందే నిర్ణయించుకున్న మనిషికి.

హాస్టలుకు పోయి ఇరవై ఆరో నంబరు ఏదో చూశాను.

నాయనమ్మా, ఫణి అన్నయ్య పెళ్ళిలో మొదటి బంతి వియ్యాలవారిది. నువ్వు రెండో బంతిలో కూర్చున్నావు. నీ విస్తరి పక్కన నేనే కూర్చున్నాను. పప్పు కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కిటికీ వైపు చూశావు. నాకు కనపడింది. అప్పుడు అర్థం కాలేదు.

"అడగలేదు" అని రాశావు. నిజమే, ఎందుకు అడుగుతావు!

నిన్న ధనుంజయ అన్నకు ఫోను చేశాను. పరీక్ష అయిపోయింది కాబట్టి చెయ్యొచ్చు. "ఆ ఒక్కటీ ఇంక వద్దని మేడమ్ చీటీ పంపినాది పాపా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేసినా గానీ, నీకు తెలిసిపోయినాక నేను చెప్పినట్టు ఎట్ల అవుతాది?" అన్నాడు. పేరు పూర్తిగా పోకముందే లేపించాను. నిన్న మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర, నిండు రాహుకాలం. "పాపా, గంట ఆగరాదూ" అని బతిమాలాడు. ఆగలేదు.

అమ్మకు చెప్పను. దానికి ఒక షరతు. రీవాల్యుయేషన్. పప్పుకు పదకొండు పదిహేను కావాలి. ఆలోచించుకో.

వర్షిణి


మార్కాపురం,
2025 మే 14

చిరంజీవి వర్షిణికి,

నీ మే 7 ఉత్తరం 12న అందింది. రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

ముప్పై ఆరేళ్ళు మార్కులు వేశాను. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేవు. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, పోతాను, తింటాను. మూడుసార్లు చల్లారిన పప్పు తిని "చాలా బాగుంది" అని చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి నిద్రపట్టలేదు. అబద్ధం మార్కులు నేను ఎప్పుడూ వెయ్యలేదు. అందుకని ధనుంజయకు చీటీ రాశాను. అతనే సైటు పెట్టాడు, నేను పోస్టులో మార్కులు పంపుతాను, అతను ఎక్కిస్తాడు. ఈ రెండేళ్ళలో నూట పదకొండు పెళ్ళిళ్ళు. మొదట ఉప్పు వడ్డించే ఇళ్ళు వందకు ఇరవై తొమ్మిది నుంచి అరవై నాలుగుకు పెరిగాయి. నేను ఎవరో తెలిస్తే నా విస్తరిలో మాత్రమే మంచి పప్పు పడుతుంది. అప్పుడు ఆ లెక్కకు విలువ లేదు. నేను చెప్పిన ఆ ముప్పై పాళ్ళు ఇవే.

ఎందుకు ఆపాననేది నీకు తెలిసే ఉండాలి. నీ నలభై మూడింటిలో నాదొకటి ఉంచుకుని, నీ ప్రణాళిక నేనే దిద్దాను. ప్రశ్నపత్రం తయారు చేసినవాళ్ళు పరీక్ష రాయకూడదు. నాది తీసేశాను. తీసేశానని కవరులో రాశాను. అది చదివి నువ్వు కనిపెట్టకపోతే నీ ప్రణాళికకు మార్కులు తగ్గించేదాన్ని. ఇప్పుడు డెబ్భై నాలుగు వేశాను. పోయినవాటిలో పది గ్రీనిచ్ కాలానికి, పన్నెండు పగకు, నాలుగు రాహుకాలానికి. రాహుకాలంలో లేపిన పేరు ఎన్నేళ్ళు ఉంటుందో రాసిపెట్టు. ఒక్కటే కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చకు.

రీవాల్యుయేషన్ అడిగావు. నియమం ప్రకారం చేశాను. నా పాత నోటుపుస్తకం తీసి, ఆ రోజు బంతిలోంచి లేచాక రాసుకున్నది మళ్ళీ కూడి చూశాను. మన ఇల్లని ఒక మార్కు ఎక్కువ వేసినట్టు తేలింది. పదికి దించాను. ఫోను చేసి అప్పటికప్పుడే సైటులో మార్పించాను.

మొన్న మీ అమ్మ అది చూసింది. "మళ్ళా తగ్గిచ్చినారు చూడండత్తమ్మా, కండ్లు పోను!" అని లేచిపోయి, కోపంతో కందిపప్పు డబ్బా మూత తీసింది. నిన్న పప్పు చేసింది. పప్పు పూసినట్టు ఉడికింది, ఇంగువ సరిపోయింది, నీళ్ళు కలపలేదు. మీ నాన్న మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఇరవైకి పద్దెనిమిది. ఇంటి భోజనం కాబట్టి ఎక్కడా ఎక్కించలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను.

అన్నీ కాగితం మీద ఉండాలని చెప్పేదాన్ని నేనే. ఈ కాగితం మాత్రం చదివి చించెయ్.

రంగనాయకమ్మ